పేరు కత్తిరించిన మాత్రలు: ఉమ్మడి కర్నూలు జిల్లా వైద్యులకు, మందుల దుకాణదారులకు, ఔషధ నియంత్రణ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు, వైద్యులకు, మందుల దుకాణాలు నడుపుతున్న సోదరులకు నమస్కారములు.

నేను 1986 నుంచి 2024 వరకు ఈ జిల్లాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఫార్మసిస్టుగా పనిచేసి, పదవీ విరమణ తర్వాత ఆదోనిలో ఉంటున్నాను. డాక్టరు చీటీ లేకుండా, మందు పేరు కూడా తెలియనీయకుండా దుకాణాల్లో యాంటీబయాటిక్ మాత్రలు అమ్ముతున్న విషయాన్ని ఇంతకు ముందు రెండుసార్లు అర్జీగా రాసి, స్వయంగా పోయి ఇచ్చి, రసీదు తీసుకున్నాను. రెండుసార్లూ కొన్ని వారాల తర్వాత "మీ అర్జీ పరిష్కరించబడినది" అని ఫోనుకు సందేశం వచ్చింది. ఏమి పరిష్కరించారో, ఎవరు వచ్చి ఏమి చూశారో నాకు ఎవరూ చెప్పలేదు. ఆ కార్యాలయం పేరు గానీ, దుకాణం పేరు గానీ ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఆ ఒక్కరిని దండించినంత మాత్రాన తీరే సమస్య కాదిది.

మా అన్నకు 67 ఏళ్లు. పత్తికొండ వైపు ఒక పల్లెలో నాలుగెకరాల మెట్ట సేద్యం చేస్తాడు, చక్కెర జబ్బుకు గ్లిమిపిరైడ్ మాత్ర మింగుతాడు. కిందటేడు బుడ్డలు పీకే రోజుల్లో దగ్గు, జ్వరం పట్టుకుంటే పక్క ఊరికి పోయి, డాక్టరు చీటీ ఏమీ లేకుండానే ఒక దుకాణంలో అయిదు రోజులకు మాత్రలు తెచ్చుకున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం చేనులో చెమటలు పట్టి, కళ్లు తిరిగి కూలబడితే వదిన చక్కెర నీళ్లు తాగించింది. ఎండదెబ్బ అనుకున్నారు. అయిదో రోజున ఎడమ మడమ వెనుక నొప్పి మొదలైంది. తొమ్మిదో రోజున గట్టు దిగుతుండగా వెనుక నుంచి ఎవరో రాయితో కొట్టినట్టయిందని, తిరిగి చూస్తే ఎవరూ లేరని చెప్పాడు. మడమ నరం తెగింది. జనం నరమంటారు గానీ అది నరం కాదు, పిక్క కండను మడమ ఎముకకు కట్టి ఉంచే స్నాయుబంధనం.

ఈ మధ్య ఏమైనా మందులు వాడారా అని ఎముకల డాక్టరు మొట్టమొదట అడిగారు. మా అన్న చెప్పిన జవాబు ఇది: "ఏం మాత్రలో నాకేం తెల్సు సార్, పొడుగుది పొద్దున ఒకటి, సన్నది మూడు పూటలా మింగమన్యారు."

నేను ఇంటికి పోయి వెతికితే గూట్లో ఒక ముక్క దొరికింది. కత్తెరతో అడ్డంగా కత్తిరించిన ఆ రేకు మీద మందు పేరులో తోక మాత్రమే మిగిలింది: "ఫ్లాక్సాసిన్", పక్కన 500. ఇన్నేళ్లు మందులిచ్చిన వాణ్ని కాబట్టి ఆ తోకను బట్టి అది ఫ్లోరోక్వినలోన్ జాతి యాంటీబయాటిక్ అని పోల్చుకున్నాను, రోజుకు ఒకటే మింగమన్నారు కనుక లివోఫ్లాక్సాసిన్ అయి ఉండాలని ఊహించాను. సన్న మాత్రలు కాగితం పొట్లంలో విడిగా ఉన్నాయి, వాటి మీద అక్షరమే లేదు. అవి స్టెరాయిడ్ కావచ్చని డాక్టరు అనుమానించారు, నాకూ అదే అనుమానం. దుకాణానికి పోయి అడిగితే బిల్లు లేదు, రిజిస్టరు లేదు. "రోజుకు ఎంతోమంది వస్తారు సార్, ఎవరికేమిచ్చినామో ఎట్ల గుర్తుంటాది" అన్నారు.

ఆ మాత్రల వల్లనే మా అన్నకు మడమ తెగిందని నేను నిరూపించలేను. ఏమి మింగాడో ఎక్కడా రాసి లేదు కనుక ఎవరూ నిరూపించలేరు, తప్పని కూడా చెప్పలేరు. నా ఫిర్యాదు అక్కడే ఉంది.

ఈ మందు చెడ్డదని నేను అనడం లేదు. 1990 ప్రాంతంలో అప్పటిదాకా ఇస్తున్న క్లోరాంఫెనికాల్‌కు లొంగని టైఫాయిడ్ దేశంలో వ్యాపించినప్పుడు, మూడు వారాలైనా జ్వరం దిగని పిల్లలను ఎడ్లబండ్లలో మా కేంద్రానికి తెచ్చేవారు. వాళ్లకు ఇవ్వడానికి మా దగ్గర ఏమీ ఉండేది కాదు. ఈ జాతికే చెందిన సిప్రోఫ్లాక్సాసిన్ అందుబాటులోకి వచ్చాక అలాంటి రోగులు వారం తిరిగేసరికి లేచి సంగటి అడగడం నేను చూశాను. సూక్ష్మజీవి తన డీఎన్‌ఏ పురిని విప్పుకొని నకలు తీసుకోవడానికి వాడే గైరేజ్ అనే ఎంజైమును పట్టి ఆపేయడం ఈ మందుల పనితనం. నేటికీ మూత్రపిండాలకు పాకిన తీవ్రమైన ఇన్ఫెక్షన్లలో, ప్రోస్టేటు గ్రంథి వాపులో, సూడోమోనాస్ వంటి మొండి క్రిములు సోకినప్పుడు, ప్లేగు, ఆంత్రాక్స్ వంటి వాటిలో, అన్నిటికంటే ముఖ్యంగా మందులకు లొంగని క్షయలో వీటి అవసరం చాలా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్‌లను మూడు గుంపులుగా విడగొట్టినప్పుడు ఈ జాతిని మొదటి గుంపులో పెట్టలేదు, జాగ్రత్తగా కనిపెట్టి వాడవలసిన రెండో గుంపులో పెట్టింది. మన పల్లెల్లో మాత్రం జలుబుకూ, గొంతు నొప్పికీ, ఒక పూట విరేచనాలకూ ఇదే మొదటి మందు.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో ఈ మందుల పత్రంపై స్నాయుబంధనాలు తెగే ప్రమాదం గురించి పెట్టె కట్టి హెచ్చరిక వేయించింది. తర్వాత నరాలు దెబ్బతినడం గురించి 2013లో హెచ్చరికను గట్టిపరచింది. సైనస్, శ్వాసనాళాల వాపు, మామూలు మూత్ర ఇన్ఫెక్షను ఉన్నవారికి వేరే మందు పనికివస్తే వీటిని వాడవద్దని 2016లో చెప్పింది. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం, మానసిక మార్పులు, గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని చీలడం గురించి 2018లో మరికొన్ని హెచ్చరికలు చేర్చింది. ఐరోపా దేశాలు 2019లో వీటి వాడకాన్ని కుదించాయి. ఇతర యాంటీబయాటిక్‌లు తగనప్పుడు మాత్రమే వాడాలని బ్రిటన్ 2024 జనవరిలో ఆదేశించింది. మన దేశం కూడా చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ఇదే జాతికి చెందిన గాటిఫ్లాక్సాసిన్ మాత్రలను, ఇంజెక్షన్లను 2011లోనే నిషేధించింది. ఇవన్నీ మీకు తెలిసినవే. మందు మింగే మనిషికి ఇందులో ఒక్క ముక్క కూడా తెలియదు.

ఇక సామాన్యుల మీద పడుతున్న భారం:

1. కాళ్లే పెట్టుబడి అయిన మనుషులు మనవాళ్లు. కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు నుంచి ఏటా వేలాది మంది పిల్లాపాపలతో గుంటూరు మిరప చేలకు వలస పోతారు. అక్కడ జ్వరమొస్తే కూలి పోతుందన్న భయంతో పవర్ ఎక్కువున్న మాత్ర ఇమ్మని అడిగి మరీ కొనుక్కుంటారు. స్నాయుబంధనం తెగడం అరుదైన దుష్ఫలితమే, కాదనను. అయితే 60 దాటినవారిలో, మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో, స్టెరాయిడ్ కూడా మింగుతున్నవారిలో ఆ ప్రమాదం పెరుగుతుంది. మందు మొదలుపెట్టిన రెండు రోజుల్లోనే రావచ్చు, ఆపేసిన కొన్ని నెలల తర్వాతా రావచ్చు. జ్వరానికి సెట్టు కట్టి ఇచ్చే మన పద్ధతిలో యాంటీబయాటిక్ పక్కన ఒక స్టెరాయిడ్, ఒక నొప్పి మాత్ర తరచుగా ఉంటాయి. అంటే ఏ జత కూడదని పుస్తకాలు చెబుతున్నాయో ఆ జతనే ఒక పొట్లంలో చుట్టి ఇస్తున్నాము. మడమలో నొప్పి మొదలైన రోజే మాత్ర ఆపి కాలికి విశ్రాంతి ఇస్తే చాలాసార్లు తెగకుండా కాపాడుకోవచ్చు. ఆ మాట మా అన్నకు ఎవరూ చెప్పలేదు. ఆయన ఆ నొప్పితోనే నాలుగు రోజులు చేనుకు పోయాడు.

2. చక్కెర జబ్బుకు గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వాడేవారిలో ఈ మందులు చక్కెరను ఉన్నట్టుండి పడగొట్టగలవు. ముసలివాళ్లలో అది స్పృహ తప్పే దాకా పోతుంది. ఎండలో చేనులో పడిపోయిన మనిషిని చూసి ఎండదెబ్బ అనుకోవడం మా వదిన తప్పు కాదు. చక్కెర మాత్ర వాడుతున్నావా అని దుకాణంలో ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

3. అన్నిటికంటే నన్ను భయపెట్టేది క్షయ. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించాలని మన ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నారు. అదే మనిషి దుకాణానికి పోతే అయిదు లివోఫ్లాక్సాసిన్ మాత్రలు చేతికి వస్తున్నాయి. ఈ మందు క్షయ క్రిమిని కొంతమేరకు చంపుతుంది కాబట్టి నాలుగు రోజుల్లో దగ్గు తగ్గుతుంది, జ్వరం దిగుతుంది, మనిషి మళ్లీ పనికి పోతాడు. కఫంలో క్రిమి అప్పటికి దొరకకపోవచ్చు కూడా. నెల తిరిగేసరికి దగ్గు మళ్లీ మొదలవుతుంది, మళ్లీ అయిదు మాత్రలు. ఈ లోపల ఇంట్లో ఉన్న పిల్లలకు జబ్బు అంటుతుంది, చావక మిగిలిన క్రిములు ఈ మందుకు అలవాటు పడతాయి. చివరకు పరీక్షలో, క్షయకు మొదట ఇచ్చే మందుల్లో ఒకటైన ఐసోనియాజిడ్‌కు లొంగని క్షయ అని తేలితే ప్రభుత్వం ఆరు నెలలు ఇచ్చే చికిత్సలోని ప్రధానమైన మందుల్లో ఒకటి ఏమిటి? ఇదే లివోఫ్లాక్సాసిన్. మొదట ఇచ్చే మందుల్లో మరొకటైన రిఫాంపిసిన్‌కు కూడా లొంగని క్షయకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసి, మన దేశం 2024లో ఆమోదించిన ఆరు నెలల కొత్త చికిత్సలోని నాలుగు మందుల్లో ఒకటి మాక్సిఫ్లాక్సాసిన్, అదీ ఈ జాతిదే. రిఫాంపిసిన్‌తో పాటు ఈ జాతి మందులకు కూడా లొంగని క్షయను వైద్యులు మరింత ప్రమాదకరమైన తరగతిగా లెక్కిస్తారు. జలుబుకు వాడి పారేసినది రేపు ప్రాణానికి అవసరమైనప్పుడు పనిచేయకుండా పోతోంది.

4. టైఫాయిడ్‌లో అది ఇప్పటికే జరిగిపోయింది. ఎడ్లబండ్లలో వచ్చిన పిల్లలను బతికించిన సిప్రోఫ్లాక్సాసిన్‌కు మన దేశంలోని టైఫాయిడ్ క్రిముల్లో అత్యధిక భాగం ఇప్పుడు సరిగా లొంగడం లేదు. ఇప్పుడు సెఫ్ట్రియాక్సోన్ సూదులు, అజిత్రోమైసిన్ వాడవలసి వస్తోంది. పది మాత్రలతో పోయే జబ్బుకు ఆస్పత్రి మంచం, సూది, కూలి పోవడం అదనం.

5. చిన్నవిగా కనిపించే విషయాలు కూడా ఉన్నాయి. పాలు, కడుపు మంటకు తాగే యాంటాసిడ్, రక్తహీనతకు ఇచ్చే ఐరన్ మాత్ర, ఇవేవైనా ఈ మందుతో పాటు కడుపులో పడితే మందు ఒంటికి సరిగా పట్టదు. వేడి మందు కదా, పాలతో మింగు అని ఇంట్లో పెద్దవాళ్లే చెబుతారు. ఇది వాడుతున్నప్పుడు ఎండలో తిరిగితే చర్మం కమిలిపోవచ్చు. నీళ్లు బాగా తాగాలి. మూర్ఛ ఉన్నవారికి, గుండె లయలో తేడా ఉన్నవారికి, గర్భిణులకు, ఎదిగే పిల్లలకు డాక్టరు బాగా ఆలోచించి తప్పనిసరైతేనే ఇవ్వాలి. కండరాలు పట్టేసినప్పుడు వాడే టైజానిడైన్ మాత్రను సిప్రోఫ్లాక్సాసిన్‌తో కలిపి అసలు ఇవ్వకూడదు. అరికాళ్లలో తిమ్మిరి, మంట మొదలైతే వెంటనే ఆపాలి.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై కీళ్లు బిగుసుకుపోయినవాళ్లు మన పక్క అనంతపురం పల్లెల్లోనూ, మన దగ్గరా ఉన్నారు. ఫ్లోరోక్వినలోన్ అన్న పేరు విని, ఆ ఫ్లోరైడే మాత్రలో ఉందని చెప్పేవాళ్లు ఈ మధ్య నాకు ఇద్దరు ముగ్గురు తగిలారు. అది నిజం కాదు. ఈ మందు అణువులో ఒక ఫ్లోరిన్ పరమాణువు గట్టిగా అతుక్కొని ఉంటుంది, దానికీ నీళ్లలోని ఫ్లోరైడుకూ సంబంధం లేదు. చెప్పవలసినవాళ్లు చెప్పకపోతే జనం ఇలాంటి మాటలనే నమ్ముతారు, అవసరమైన రోగి కూడా మందు మానేస్తాడు.

చట్టం లేక కాదు ఇదంతా జరుగుతున్నది. కేంద్ర ప్రభుత్వం 2013 ఆగస్టులో ప్రకటించి, 2014 మార్చి 1 నుంచి అమలులోకి తెచ్చిన హెచ్1 షెడ్యూలులో లివోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ ఉన్నాయి. వీటిని అమ్మినప్పుడు చీటీ రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చారన్నది ప్రత్యేక రిజిస్టరులో రాసి, మూడేళ్లు భద్రపరచాలి. సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్, నార్ఫ్లాక్సాసిన్ పాత హెచ్ షెడ్యూలులోనే ఉన్నాయి, అంటే చీటీ తప్పనిసరే గానీ ఈ ప్రత్యేక రిజిస్టరు అక్కరలేదు. డాక్టరు చెప్పకుండా వాడకూడని మందులను గుర్తుపట్టడానికి రేకు మీద నిలువునా వేసే ఎర్ర గీత గురించి 2016లో కేంద్రం దేశమంతటా ప్రచారం చేసింది. మా అన్న గూట్లో దొరికిన ముక్క మీద ఆ ఎర్ర గీత చక్కగా ఉంది. గీత మిగిలింది, పేరు పోయింది.

కాబట్టి మిమ్మల్ని వినయంగానే అయినా గట్టిగా అడుగుతున్నవి ఇవి:

1. ఉమ్మడి జిల్లాలోని ప్రతి మందుల దుకాణంలో హెచ్1 రిజిస్టరు ఉందా, టోకు వ్యాపారి నుంచి కొన్న మాత్రల లెక్కతో అది సరిపోతుందా అన్నది ఔషధ తనిఖీ అధికారులు పోల్చి చూడాలి. ఖాళీ రిజిస్టరు చూసి సంతకం పెట్టి పోతే తనిఖీ జరిగినట్టు కాదు. ఎన్ని దుకాణాలు చూశారు, ఎన్నింటిపై ఏ చర్య తీసుకున్నారు అన్నది మూడు నెలలకొకసారి జిల్లా ప్రజలకు తెలియజేయాలి.

2. మాత్రలు విడిగా ఇవ్వవలసి వస్తే పేరు, గడువు తేదీ ఉన్న భాగాన్ని రోగికే ఇవ్వాలి, లేదంటే కవరు మీద మందు పేరు, మోతాదు తెలుగులో రాసి ఇవ్వాలి. రెండు రూపాయల మాత్రకైనా బిల్లు ఇవ్వాలి. పేరు లేని మాత్రలు కాగితంలో చుట్టి ఇవ్వడం పూర్తిగా ఆగాలి. ఈ లేఖలో ఇంకేదీ జరగకపోయినా ఇది ఒక్కటి జరగాలని నా కోరిక.

3. సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్, నార్ఫ్లాక్సాసిన్‌లను కూడా హెచ్1లో చేర్చవలసిందిగా రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ కేంద్రానికి రాయాలి.

4. ఈ జాతి మందు ఇచ్చిన ప్రతిసారీ ఆరు వరుసల తెలుగు చీటీ ఒకటి చేతిలో పెట్టాలి: మడమ, భుజం నొప్పి వస్తే ఆపండి, చక్కెర మాత్ర వాడుతుంటే చెప్పండి, పాలు, యాంటాసిడ్, ఐరన్‌తో కలపవద్దు, స్టెరాయిడ్ వాడుతుంటే చెప్పండి, తిమ్మిరి, కళ్లు తిరగడం, ఛాతీలో గానీ వీపులో గానీ హఠాత్తుగా నొప్పి వస్తే ఆస్పత్రికి పోండి, ఎండలో తిరగవద్దు. దీన్ని రాసి ఇవ్వడానికి నేను సిద్ధం, అచ్చు ఖర్చు దుకాణదారుల సంఘానికి భారమేమీ కాదు.

5. వైద్యులకు నా మనవి ఒక్కటే. జలుబుకు, మామూలు దగ్గుకు ఈ మందు రాయకండి. దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష అయ్యేదాకా రాయకండి. చీటీలో మందు పేరు పెద్ద అక్షరాలతో రాయండి.

6. ఆర్‌ఎంపీల మీద దాడులు చేయమని నేను అడగడం లేదు. అర్ధరాత్రి పల్లెలో తలుపు తడితే లేచి వచ్చేది వాళ్లే, ఆ సంగతి మర్చిపోతే ఈ లేఖకు అర్థం ఉండదు. యాంటీబయాటిక్, స్టెరాయిడ్ వాళ్ల చేతిలో ఉండకూడదన్న నియమాన్ని మాత్రం మండలానికి ఒకసారి పిలిచి కూర్చోబెట్టి వివరించాలి. ఎవరిని ఎప్పుడు పెద్దాస్పత్రికి పంపాలో నేర్పాలి. ఆ తర్వాత కూడా మారని వారిపై చర్య తీసుకోండి.

7. మందుల దుష్ఫలితాలు తెలియజేయడానికి కేంద్రం నడిపే 1800-180-3024 అన్న ఉచిత ఫోను నంబరును ప్రతి దుకాణంలో, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గోడ మీద తెలుగులో రాయించాలి. నేను ఉద్యోగంలో ఉన్న ఇన్నేళ్లలో ఆ నంబరుకు ఫోను చేసిన రోగిని ఒక్కరిని కూడా చూడలేదు. నేను కూడా ఎవరి చేతా చేయించలేదు, ఆ తప్పులో నాకూ భాగముంది.

8. చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మే దుకాణాల గురించి ప్రజలే తెలియజేసే ఏర్పాటుతో కేరళ 2024 జనవరిలో ఆపరేషన్ అమృత్ పేరిట తనిఖీలు మొదలుపెట్టింది. మన జిల్లాలో అలాంటిది ప్రయోగంగానైనా మొదలుపెట్టాలి.

పశువులకూ కోళ్లకూ ఇదే జాతికి చెందిన ఎన్రోఫ్లాక్సాసిన్ వాడుతున్నారు. కోళ్లలో దాని వాడకానికి ఇచ్చిన అనుమతిని అమెరికా 2005లోనే రద్దు చేసింది. దాని గురించి పశుసంవర్ధక శాఖ వారికి విడిగా రాస్తాను.

ఈ లేఖ ప్రతులను సంబంధిత అధికారులందరికీ పోస్టులో పంపుతున్నాను. ఈసారి ఫోనుకు సందేశం పంపనక్కరలేదు. తనిఖీ చేసి ఉంటే ఆ నివేదిక ప్రతి ఇవ్వండి, చేయకపోతే ఎప్పుడు చేస్తారో తేదీ రాయండి. మా అన్న ఇప్పుడు కర్ర ఊతంతో నడుస్తున్నాడు, ఈ ఏడు చేను కౌలుకిచ్చాడు. ఆయన గూట్లో దొరికిన రేకు ముక్క, కాగితంలో మిగిలిన రెండు సన్న మాత్రలు నా దగ్గర ఒక కవరులో పెట్టి ఉంచాను. ఆ మాత్రలు ఏమిటో ప్రయోగశాలలో పరీక్ష చేయించదలచిన అధికారి ఎవరైనా వస్తే, రసీదు తీసుకొని అప్పగిస్తాను.

ఇట్లు,
మీ విధేయుడు,
విశ్రాంత ఫార్మసిస్టు, ఆదోని